పుల్లట్టుకు జరిగిన రక్షణ

ఒక పెద్ద అడవిలో జంతువులు జంతువుల్ని పెంచుకోవడం మొదలుపెట్టాయి. నవ్వకండి. మనుషులు మనుషుల్ని మెడలు వంచి ఏలుకోవడం లేదా? దానికంటే ఇది మర్యాదైన పని.

ఆ అలవాటు మొదలైంది ఇలాగ. అడవిని ఆనుకుని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో దీపావళి వస్తే మనుషులు టపాకాయలు కాలుస్తారు. బాంబు పేలిన ప్రతిసారీ మనుషులు చప్పట్లు కొడతారు, కుక్కలు గొలుసులు తెంచుకుంటాయి. అలా తెంచుకున్న ఒక కుక్క ఎటు పోతోందో చూసుకోకుండా పరుగెత్తి పరుగెత్తి అడవిలో పడింది. బండల సందులో ఎలుగుబంటి నాంచారమ్మ పడుకుని ఉంటే, ఆమె కడుపు కిందకి దూరి అక్కడ ఆగింది.

నాంచారమ్మ చాలా చూసిన ముసలి ఎలుగు. వేటగాడి ఉచ్చులో ఒక వేలూ, కార్చిచ్చులో సగం జుట్టూ పోగొట్టుకుంది. అయినా కడుపు కింద ఏదో వణకడం ఆమెకి కొత్త.

"ఎవర్రా నువ్వు?" అంది లేచి.

"పుల్లట్టు అంటారవ్వా."

"అదేం పేరు?"

"వాళ్ళింటికి వచ్చిన రోజున నేను దొంగతనంగా తిన్నది అదే."

"ఇక్కడికెందుకొచ్చావు?"

"ఊళ్ళో పండగవ్వా."

"పండగైతే ఏడుస్తావేం?"

"పండగ వాళ్ళకి. నాకు చెవులున్నాయి."

నాంచారమ్మ తెల్లారాక పొమ్మంది. తెల్లారాక, ఏదైనా తిని పొమ్మంది. తిన్నాక, ఎండ తగ్గాక పొమ్మంది. ఆ ఎండ ఇప్పటికీ తగ్గలేదు.

ఒకరింట్లో ఉన్నది పక్కింట్లో లేకపోతే అడవైనా ఊరైనా ఓర్చుకోలేదు. మరుసటి దీపావళికి అడవి జంతువులన్నీ పొలిమేరలో వరసగా నిలబడ్డాయి. భయపడి పారిపోయి వచ్చిన పిల్లిని నక్క తీసుకుపోయింది. కోడిపెట్టని నెమలి తీసుకుపోయింది. మేకని చిరుతపులి తీసుకుపోయింది. ఈ చిరుతపులి పేరు మితాహారి. ఆ పేరు అతను తనకు తానే పెట్టుకున్నాడు.

"మేకని పెంచుతావా నువ్వు?" అని అడిగారు అందరూ.

"పెంచుతాను."

"ఎందాకా?"

"పెరిగేదాకా," అన్నాడు మితాహారి.

సరే, అడవికీ ఒక పండగుంది. దాని పేరు వెదురు పండగ. వానలు తగ్గుముఖం పట్టి కొత్త వెదురు మొలకలు లేచాక, ఎండిపోయిన పాత గెడల్ని మంటలో వేస్తారు. కణుపుల మధ్య గాలి వేడెక్కి గెడ ఢామ్మని పేలుతుంది. ఎవరి గెడ ఎంత గట్టిగా పేలితే వాళ్ళకి ఆ ఏడు అంత మంచిదట. పిడుగు పడిన మద్దిమాను తొర్రలో ఆ పండగ కోసమే ఏడాది పొడుగునా నిప్పు దాచి ఉంచుతారు.

ఊరి పండగ తప్పించుకుని వచ్చిన పుల్లట్టు అడవి పండగలో ఇరుక్కుంది.

భయం వేస్తే పుల్లట్టుకి ఒకటే విద్య వచ్చు. దగ్గర్లో ఏ కడుపుంటే ఆ కడుపు కిందకి దూరడం. ఆ కడుపు నడిస్తే తనూ నడవడం, ఆగితే ఆగడం. కిందటేడు వెదుళ్ళు పేలేసరికి నాంచారమ్మ చెట్టుమీద తేనె తీస్తోంది. పుల్లట్టుకి దొరికిన కడుపు అడవిదున్నది. ఆ దున్న ఉలిక్కిపడి వేసిన అడుగుకి కుక్క పక్కటెముక విరిగింది. నాంచారమ్మ పసరు కట్టి, తేనె నాకించి, వాన పడినా ఎండ కాసినా కదలకుండా పక్కన కూర్చుని దాన్ని దక్కించుకుంది. ఈసారీ ఇలాగే జరిగితే వీడు దక్కడని ఆమెకి తెలుసు.

అందుకే పండగ దగ్గర పడుతుందనగా జంతుసభకి వెళ్ళింది. సభకి అధ్యక్షుడు ఏనుగు మహోదరయ్య. కార్యదర్శి నక్క లౌక్యమ్మ.

"అయ్యా," అంది నాంచారమ్మ, "పండగ మానమని నేననను. గెడలు ఏటికి ఇవతలి గట్టున, మన ఇళ్ళ మధ్య పేల్చే బదులు ఏరు దాటి ఆ ఇసుకదిబ్బ మీద పేల్చుకోండి. ఇంత దూరానికి చప్పుడు సన్నగా వస్తుంది. మా పిల్లలు బతుకుతారు. అంతే."

అంత తేలికైన మాట ఆ సభలో అంతకుముందు ఎవరూ అనలేదు.

మహోదరయ్య చెవులు మెల్లగా ఊపాడు. "నువ్వు చెప్పింది పరిష్కారమే నాంచారమ్మా. కాదనను. కానీ అందులో మేం చేసేదేముంది?"

"నడవడమేనయ్యా. ఏరు దాటడం."

"నడవడానికి సభ ఎందుకు?"

లౌక్యమ్మ లేచింది. ఆమె లేచిందంటే ఏదో ఒకటి పొడుగవుతుందని అందరికీ తెలుసు. "నాంచారమ్మగారి బాధలో నిజముంది. ఆ బాధ మనందర్నీ కదిలించింది. కాబట్టి ఆవిడ అడిగింది కాకుండా, అంతకంటే గొప్పది చేద్దాం."

చప్పట్లు మోగాయి. నాంచారమ్మ ఏదో అనబోయింది. "ఒప్పుకున్నాక మళ్ళీ మాట్లాడకూడదు పెద్దమ్మా," అని కూర్చోబెట్టేశారు.

అప్పటికప్పుడు ఒక సంఘం పుట్టింది. పండగ వేళల పెంపుడు ప్రాణుల పరమ పరిరక్షణ సంఘం. ఆ పేరు ఒక్క ఊపిరిలో పలకలేక మహోదరయ్య మధ్యలో ఆగి దగ్గాడు. ఆ దగ్గుకి కూడా చప్పట్లు కొట్టారు.

"పండగ పూట ప్రాణులన్నింటినీ ఒకేచోట దాచాలి. గుహ కావాలి," అంది లౌక్యమ్మ.

"గుహ నేను చూపిస్తా," అన్నాడు కొండముచ్చు కిచ్చయ్య. పండగకి వెదుళ్ళు నరికి తెచ్చే పని ఏటా అతనిదే. పేలేవీ అతనివే, పేలుడు నుంచి కాపాడే గుహా అతనిదే. రెండూ ఒకడి చేతిలో ఉంటే తగువుండదని సంఘం సంతోషించింది.

కిచ్చయ్య చూపించింది ఉరుముల గుహ. ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు.

గుహ చూడటానికి అందరూ వెళ్ళారు. మహోదరయ్య గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుని, "సోదరులారా," అన్నాడు.

"సోదరులారా, దరులారా, లారా," అంది గుహ.

మహోదరయ్య ఆగిపోయాడు. కళ్ళు చెమర్చాయి. "లౌక్యమ్మా, నేనన్న మాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు నా జన్మలో లేరు."

లౌక్యమ్మ రెండు కాళ్ళతో చప్పట్లు కొట్టింది. లోపలి నుంచి వెయ్యి నక్కలు కొట్టినట్టు తిరిగొచ్చాయి.

"లోపల ఎంతమందున్నారు?"

"ఎవ్వరూ లేరండి."

"ఎవ్వరూ లేకుండానే ఇంత స్పందనా?" అన్నాడు మహోదరయ్య. "ఇదే గుహ. ఇంకో గుహ చూడక్కర్లేదు."

నాంచారమ్మకి ఒళ్ళు మండింది. "అయ్యా, చీమ తుమ్మినా ఏనుగు తుమ్మినట్టు వినిపించే చోటిది. చప్పుడంటే చచ్చే ప్రాణుల్ని తెచ్చి ఇందులో పెడతారా?"

మాటలో ఏనుగు ప్రస్తావన వచ్చింది కాబట్టి మహోదరయ్య దాన్ని పొగడ్త కింద తీసుకున్నాడు. లౌక్యమ్మ మాత్రం జవాబు చెప్పింది. "పండగ జరిగేది ఏటి గట్టున. గుహ ఉండేది ఇంత ఎడంగా. చప్పుడే రాని చోట అది పెరగడమేంటి పెద్దమ్మా? మీరు అనవసరంగా భయపడి, మీ కుక్కనీ భయపెడుతున్నారు."

ఇక కాపలా ఎవరని ప్రశ్న వచ్చింది.

"నేనుంటాను," అన్నాడు మితాహారి.

కోడిపెట్ట నెమలి తోక వెనక్కి జరిగింది.

"పండగ పూట నేను ఉపవాసం," అన్నాడతను నొచ్చుకుని. "ముట్టను."

"మర్నాడో?" అంది నాంచారమ్మ.

"మర్నాటి సంగతి సంఘం పరిధిలోకి రాదు," అంది లౌక్యమ్మ.

ఆ సాయంత్రమే కొండముచ్చుల గుంపు ఇల్లిల్లూ తిరిగి పెంపుడు ప్రాణుల్ని పోగేసింది. నాంచారమ్మ ఇంటికొచ్చేసరికి ఆమె పుల్లట్టు మీద పడుకుని ఉంది. కుక్క కనిపించడం లేదు. తోక మాత్రం ఒక పక్క నుంచి బయటికొచ్చి ఊగుతోంది.

"పుల్లట్టు లేడు. పోయాడు," అంది నాంచారమ్మ.

"ఆ తోక ఎవరిది?"

"నాదే. ముసలితనంలో పెరిగింది."

మహోదరయ్యా, లౌక్యమ్మా స్వయంగా వచ్చారు. లౌక్యమ్మ గొంతులో తేనె కారుతోంది. "మీ మంచికే కదా. రక్షణలో లేని ప్రాణి అంటే ప్రమాదంలో ఉన్న ప్రాణి. ప్రమాదంలో ఉన్న ప్రాణిని ఇంట్లో పెట్టుకోవడం తప్పు. ఇవ్వనంటే దాన్ని తీసుకుపోయి ఊరి పొలిమేరలో వదిలెయ్యాల్సి వస్తుంది."

"నా కడుపు కింద ఉన్నాడు. అంతకంటే రక్షణేముంది?"

"మీ కడుపుకి సంఘం గుర్తింపు లేదు," అంది లౌక్యమ్మ.

గుర్తింపు లేని కడుపుతో నాంచారమ్మ చేసేదేముంది? ఊరి పొలిమేరలో వదిలేస్తే మళ్ళీ గొలుసు, మళ్ళీ బాంబులు. మెల్లగా పక్కకి ఒరిగింది. పుల్లట్టు లేచి ఒళ్ళు దులుపుకుంది.

"నేను గుహ దగ్గర కూర్చుంటాను," అంది నాంచారమ్మ.

"వద్దు. మిమ్మల్ని చూస్తే వాటికి బెంగ పుడుతుంది," అంది లౌక్యమ్మ.

"చూడకపోతే?"

"అలవాటవుతుంది."

నాంచారమ్మ కుక్క చెవి దగ్గర మూతి పెట్టింది. "ఒరే, నేను ఏటి అవతల ఇసుకదిబ్బ మీద ఉంటా. ఏం జరిగినా తిన్నగా అక్కడికి రా."

"చప్పుడైతే ఏరు ఎటుందో నాకు గుర్తుండదవ్వా," అంది పుల్లట్టు. "కడుపొక్కటే గుర్తుంటుంది."

ఆ మాట నాంచారమ్మకి ముల్లులా దిగింది. దున్న కాలు గుర్తొచ్చింది. కొండముచ్చులు కుక్కని తోలుకుపోతుంటే ఆమె చూపు దాని ఎముక అతుక్కున్న చోటే ఉండిపోయింది.

పండగ పొద్దు పొడిచింది. ఈసారి పండగ ప్రశాంతంగా జరుగుతుందని చిలకలు అరిచి అరిచి చెప్పాయి. ఆ అరుపులకి పిల్లి అప్పుడే సగం బెదిరింది.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. ఆ అడవిలో కొత్తది ఏది మొదలైనా ముందో గెడ పేల్చాలి. పిల్ల పుట్టినా, పాత పుట్ట పక్కన కొత్త పుట్ట లేచినా, ఎవరైనా తప్పిపోయి తిరిగొచ్చినా అంతే. గెడ పేలనిదే ఏదీ మొదలైనట్టు కాదు. మరి రక్షణ గుహ మొదలవ్వాలి కదా. నాంచారమ్మ ఇసుకదిబ్బకి పోతూ దారిలో గుహ వైపు తొంగిచూస్తే, గుమ్మం పక్కన మంట వేస్తున్నారు.

ఆమె పరుగున వచ్చింది. "ఏంటయ్యా ఇది? చప్పుడు నుంచి కాపాడే చోటు ముందర చప్పుడు చేస్తారా?"

"ఇది పండగ చప్పుడు కాదమ్మా," అన్నాడు మహోదరయ్య ఓపిగ్గా. "ప్రారంభ చప్పుడు."

"కుక్క చెవికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?"

"అవగాహన కల్పిస్తాం," అంది లౌక్యమ్మ.

"కొంచెం బుర్ర పెట్టండయ్యా. లోపల పసిప్రాణాలున్నాయి."

"శుభమా అని పని మొదలుపెడుతుంటే ఏడుపు మొహం పెట్టుకు వస్తావా?" అన్నాడు కిచ్చయ్య. అతని కొండముచ్చులు ముందూ వెనకా చేరి నాంచారమ్మని ఏటిదాకా నెట్టుకుపోయి, నీళ్ళలోకి దింపి వచ్చాయి. తడిసిన జుట్టుతో ఆమె ఇసుకదిబ్బ ఎక్కి, ఇటే చూస్తూ నిలబడింది.

ఇక గెడ ఎవరు పేల్చాలి? అధ్యక్షుడు కాబట్టి మహోదరయ్య. ఆలోచన తనది కాబట్టి లౌక్యమ్మ. గుహ తనది కాబట్టి కిచ్చయ్య. అందం తనది కాబట్టి నెమలి. వీళ్ళందరూ పేల్చి తనొక్కడూ పేల్చకపోతే తన జాతికి అవమానమని అడవిపంది. కుందేలుకి ఏ కారణమూ లేదు. అయినా పిలవకుండా వదిలేస్తే బాగుండదని దానికీ ఒకటి ఇచ్చారు.

అప్పుడు కిచ్చయ్య ఒక మంచి పని చేశాడు. ఏటి గట్టున పండగ సాదాగా జరుపుతున్నారు కాబట్టి ఏడాదంతా నరికిన గెడలు మిగిలిపోయాయి. వాటినన్నింటినీ అందరికీ అందుబాటులో ఉండాలని గుహ గుమ్మం పక్కన, మంటకి ఇటువైపు పేర్చి పెట్టించాడు. కొండంత కుప్ప.

మహోదరయ్య తొండంతో గెడ ఎత్తి మంటలో పెట్టాడు. నక్క పెట్టింది. నెమలి పెట్టింది. పంది పెట్టింది. కుందేలు తన గెడ మోయలేక కుప్ప మీదే వదిలేసింది. దాని కొస మాత్రం మంటలో ఉంది.

మొదటి గెడ పేలింది. నిప్పురవ్వలు ఎగిరి కుప్ప మీద పడ్డాయి.

ఆ తర్వాత జరిగింది వరసగా చెప్పడం కష్టం, ఎందుకంటే వరసగా జరగలేదు. కుప్ప అంతా ఒక్కసారి అంటుకుంది. పేలింది పేలినట్టు చప్పుడు గుహలోకి దూరింది. లోపలికి ఒంటరిగా పోయిన చప్పుడు చుట్టాల్ని, పక్కాల్ని, వాళ్ళ పిల్లల్ని వెంటబెట్టుకుని బయటికొచ్చింది. నెమలి ఈకలు సగం రాలిపోయాయి. పంది వచ్చిన దారి మర్చిపోయి పొదలోకి నేరుగా దూరింది. ఆ పొద ఇప్పటికీ పంది ఆకారంలో ఉందంటారు. కిచ్చయ్య చెట్టు ఎక్కబోయి తన బావమరిదిని ఎక్కాడు.

గుహలోంచి అందరికంటే ముందు బయటపడింది కాపలా కాస్తున్న మితాహారి. ఆగలేదు. ఎదురుగా ఉన్న టేకుచెట్టు చిటారు కొమ్మదాకా పోయి, కళ్ళు మూసుకుని, కొమ్మని కావిలించుకున్నాడు. వెనకే మేక తాపీగా వచ్చింది. ఊళ్ళో ఎన్నో దీపావళులు చూసిన మేక అది.

"దిగు నాయనా. అయిపోయింది," అంది చెట్టు కింద నిలబడి.

"ఇంకోటుందేమో," అన్నాడు మితాహారి కళ్ళు తెరవకుండా.

"ఉంటే నేనున్నాగా."

"నువ్వక్కడే ఉంటావా?"

"ఉంటాను. నువ్వు గోళ్ళు లోపలికి పెట్టుకుని మెల్లగా రా."

మరి పుల్లట్టు? పుల్లట్టుకి ఏరు గుర్తులేదు. ఇసుకదిబ్బ గుర్తులేదు. గుహ గుమ్మంలోంచి బాణంలా వచ్చిన కుక్కకి ఎదురుగా కనిపించింది అడవి మొత్తంలో పెద్ద కడుపు. మహోదరయ్యది. దాని కిందకి దూరింది.

ఏనుగుకి తన కడుపు కింద ఏముందో చూసుకునే వీలు లేదు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళకి ఎవరికీ ఉండదు. చెవుల్లో ఉరుములు, కాళ్ళ మధ్య ఏదో వెచ్చగా, బొచ్చుగా తగులుతోంది. ఉరుముల గుహలో ఆ రోజు తన మాటలు తిరిగి చెప్పిన జీవి బయటికొచ్చి తన కిందే దూరిందని మహోదరయ్య నిశ్చయానికొచ్చాడు. ఘీంకరించి పరుగందుకున్నాడు.

కడుపు కదిలింది కాబట్టి పుల్లట్టూ కదిలింది. కడుపు పరుగెత్తింది కాబట్టి పుల్లట్టూ పరుగెత్తింది. కింద ఆ జీవి వదలడం లేదని మహోదరయ్య ఇంకా జోరు పెంచాడు. కడుపు తప్పిపోతుందేమోనని పుల్లట్టు ఇంకా జోరు పెంచింది. ఒకరు ఆగితేనే రెండోవారు ఆగుతారు. ఆగడానికి ఇద్దరికీ భయం.

దారిలో లౌక్యమ్మ పుట్ట వెనక నక్కి ఉంది. మహోదరయ్య దుమ్ము లేపుకుంటూ పోవడం చూసి పక్కన దాక్కున్న కుందేలుతో, "అధ్యక్షులవారు పర్యటనలో ఉన్నారు," అంది. కాసేపటికి ఆయన అడవి చుట్టూ తిరిగి మళ్ళీ అటే పోయాడు. "సుడిగాలి పర్యటన," అంది.

ఇసుకదిబ్బ మీద నాంచారమ్మ నిలబడిన చోట నిలబడే ఉంది. పిల్లి ఈదుకుంటూ వచ్చింది. కోడిపెట్ట ఎలా దాటిందో గానీ దాటింది. పుల్లట్టు రాలేదు.

"పుల్లట్టు ఏడే?" అంది పిల్లితో.

పిల్లి ఒళ్ళు నాక్కుంటూ, "అధ్యక్షులవారి కింద ఉన్నాడు పెద్దమ్మా," అంది.

"కింద అంటే?"

"కిందే."

దున్న కాలు తగిలితేనే వాడి ఎముక విరిగింది. ఇది ఏనుగు కాలు. కాలు తప్పినా పోతాడు. తప్పకపోయినా పోతాడు, ఎందుకంటే ఏనుగు ఈసారి తిరిగిన మలుపు ఊరికి పోయే బాట. ఆ బాట ఏటి రేవు దగ్గర రెండు బండల మధ్య సన్నగా అవుతుంది. నాంచారమ్మ నీళ్ళలోకి దూకింది. ఆ వయసులో ఎలుగు అలా ఈదడం చేపలు కూడా చూడలేదు. రేవు ఎక్కి, బాటకి అడ్డంగా, నాలుగు కాళ్ళ మీద నిలబడింది.

ఎదురుగా దుమ్ము. దుమ్ములో కొండలాంటి మహోదరయ్య.

"తప్పుకో నాంచారమ్మా, నన్నేదో తరుముతోంది."

"తరమడం లేదయ్యా," అని అరిచింది నాంచారమ్మ. "నమ్ముకుంది."

ఆ మాట ఆయనకి అర్థం కాలేదు. ఆగనూ లేదు. నాంచారమ్మ తప్పుకోనూ లేదు. నడుం పైకి లేపి, కడుపు ఎంత ఎత్తగలదో అంత ఎత్తి, "ఒరే పుల్లట్టూ," అని పిలిచింది. "ఇదిగోరా కడుపు."

ఏనుగు ముందుకాళ్ళ మధ్య నుంచి గోధుమరంగు ముద్ద ఒకటి దూసుకొచ్చి ఎలుగు కడుపు కింద పడింది. పడి, ఆగింది.

కాళ్ళ మధ్య వెచ్చదనం పోయేసరికి మహోదరయ్య ఒళ్ళు తేలికైపోయింది. నాలుగు కాళ్ళూ ఒకేసారి బిగబట్టి, జారి, నాంచారమ్మ ముక్కుకి బెత్తెడు దూరంలో ఒరిగి, రేవు పక్క బురదలో కూలబడ్డాడు. బురద ఆయన్ని ఆదరంగా తీసుకుంది.

"వచ్చాను కదవ్వా," అంది పుల్లట్టు కింద నుంచి. "ఇసుకదిబ్బ కాకపోయినా."

నాంచారమ్మ దాని పక్కటెముకలు ఒక్కొక్కటే మూతితో తడిమింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు కూర్చుంది.

"ఏంటది?" అన్నాడు మహోదరయ్య బురదలోంచి. "నన్ను అడవంతా తిప్పిన భూతం ఇదేనా?"

"భూతం కాదు. మీ రక్షణలో ఉన్న ప్రాణి," అంది నాంచారమ్మ.

ఇంతలో దుమ్ము తగ్గిందని చూసుకుని లౌక్యమ్మ వచ్చింది. వెనకే అడవంతా వచ్చింది. ఈకలు రాలిన నెమలి వచ్చింది. మేక వెనక మితాహారి వచ్చాడు, మేక తోక నోట్లో పెట్టుకుని. తినడానికి కాదు, దారి తప్పకుండా.

లౌక్యమ్మ ఏనుగుని చూసింది, కుక్కని చూసింది, క్షణం ఆలోచించింది. "ప్రాణులన్నీ క్షేమం. పథకం విజయవంతం. అందులోనూ ఒక కుక్కని అధ్యక్షులవారు తమ సొంత కడుపు కింద పెట్టుకుని అడవంతా మోశారు. ఇంత త్యాగం చేసినవారికి సన్మానం చెయ్యకపోతే మనం జంతువులమే కాదు."

బురదలో ఉన్న మహోదరయ్య మొహం వెలిగింది. "నాదేముంది," అన్నాడు. "ఎవరున్నా అదే చేసేవారు."

"సన్మానమంటే గెడ పేలాలి," అన్నాడు కిచ్చయ్య. "అదృష్టం, ఒకటి మిగిలింది."

గెడ అన్న మాట వినపడగానే మహోదరయ్య చెవులు వాటంతట అవే మూసుకున్నాయి. ఆచారం కాదంటే అధ్యక్షుడెలా అవుతాడు? బురదలోంచి లేచి, మర్యాదగా, తొందర లేనట్టు నడుస్తూ ఏట్లోకి దిగాడు. దిగాక పరుగెత్తాడు. ఆయన వెనక నెమలి, పంది, కుందేలు, మేక, మేక వెనక మితాహారి. అందరికంటే ముందు అవతలి ఒడ్డు చేరింది మాత్రం లౌక్యమ్మ. ఇవతల కిచ్చయ్య ఒక్కడే గుహ దగ్గర్నుంచి తెచ్చిన నిప్పుతో, గెడతో మిగిలాడు. నాంచారమ్మ పుల్లట్టుని వీపు మీద ఎక్కించుకుని చివరగా దాటింది.

"పేల్చనా?" అని అరిచాడు కిచ్చయ్య.

"ఇంకొంచెం వెనక్కి జరగనీ," అని అరిచాడు మహోదరయ్య.

అందరూ ఇసుకదిబ్బ కొస దాకా జరిగాక అటు గెడ పేలింది. ఇటు వినిపించింది చిన్న టప్పు. ఎవరో వేలు విరిచినట్టు. పుల్లట్టు ఒక చెవి లేపి, మళ్ళీ దించుకుంది.

"ఇంతేనా అవ్వా?"

"ఇంత దూరంలో ఉంటే ఇంతేరా."

అలా నాంచారమ్మ అడిగిందే చివరికి జరిగింది. కాకపోతే తలకిందులుగా జరిగింది. గెడలు ఏరు దాటమంటే దాటలేదు, అడవంతా ఏరు దాటింది. ఇప్పటికీ ఆ అడవిలో వెదురు పండగ అలాగే చేస్తారు. కిచ్చయ్య ఒక్కడూ ఇవతల పేలుస్తాడు, మిగతావాళ్ళు అవతల ఇసుకలో కూర్చుని పెంపుడు ప్రాణుల్ని పట్టుకుని వింటారు. అవి అసలు బెదరవు. పట్టుకున్నవాళ్ళే బెదురుతారు.

ఆ రోజు పొద్దు వాలుతుంటే మహోదరయ్య ఇసుక మీద కూర్చుని, "ఇంత చక్కటి ఆలోచన ఎవరికొచ్చిందో గానీ," అన్నాడు.

"తమకే," అంది లౌక్యమ్మ.

ఆయన ఒప్పుకున్నట్టు తలాడించాడు. తర్వాత మెల్లగా నాంచారమ్మ దగ్గరికి జరిగి, ఎవరికీ వినపడకుండా, "ఇంకో గెడ ఉందంటావా?" అని అడిగాడు.

"ఏమో. కిచ్చయ్యని నమ్మలేం."

"మరి నీ కడుపు కింద కొంచెం చోటు..."

"దీనికి సంఘం గుర్తింపు లేదయ్యా," అంది నాంచారమ్మ.

"ఇచ్చేశాం, ఇచ్చేశాం," అన్నాడు మహోదరయ్య. తొండం కొస పట్టేంత చోటే ఉంది. పుల్లట్టు విసుక్కోకుండా పక్కకి జరిగింది.

దీని నీతి ఏమిటంటే, ప్రమాదం నుంచి కాపాడమని పెద్దల్ని నిక్షేపంగా అడగవచ్చు, కాకపోతే వాళ్ళు కాపాడటం మొదలుపెట్టేలోగా దూరడానికి ఒక కడుపు చూసి ఉంచుకోవాలి.